మా స్టంప్ సాక్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టంప్ సాక్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. మన మధ్య ఇక్కడా అక్కడా ఎక్కడుంది? పొద్దున ఆరింటికి తొడుక్కుంటే రాత్రి పడుకునేదాకా మీదీ నాదీ ఒకే గూట్లో కాపురం.

మీరెవరో తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. మందుపాతర తీసుకుపోగా మోకాలి కింద మిగిలినదాన్ని మేం స్టంప్ అంటాం. కృత్రిమ కాలికి పైన గిన్నెలా ఉండేది సాకెట్, స్టంప్ వెళ్లి అందులో కూర్చోవాలి. చిక్కల్లా ఏంటంటే సాకెట్ ప్లాస్టిక్. తయారైన రోజున ఎంతుందో ఇవాళా అంతే. స్టంప్ మాంసం. పొద్దున ఉన్నంత సాయంత్రం ఉండదు, నడిచేకొద్దీ చిక్కిపోతుంది. అప్పుడు కాలు లోతుకి దిగిపోయి, ఎముక కొస అడుగున తగులుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి పుట్టినవారే మీరు, స్టంప్‌కి తొడిగే మేజోళ్లు. మీ మందాన్ని ప్లైలలో లెక్కపెడతారు: ఒక ప్లై, మూడు ప్లై, ఐదు ప్లై. స్టంప్ తొడుగు కొసన ఒక పిన్ను ఉంటుంది, అది సాకెట్ అడుగున తాళంలో పడితేనే కాలు ఊడకుండా నిలుస్తుంది. ఆ పిన్ను బయటికి రావడానికి మీకు పుట్టుకతోనే అడుగున చిల్లు.

ఆ పిన్ను తాళంలో పడేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది. పొద్దున ఐదు టిక్కులు. మధ్యాహ్నం ఎనిమిది వినిపించాయంటే మునిగానన్నమాట. ఏ గోడ చాటుకో వెళ్లి, ప్యాంటు పైకి లాగి, కాలు ఊడదీసి, మీవాళ్లలో ఇంకొకర్ని ఎక్కించి, మళ్లీ లేచి తొక్కి, టిక్కులు లెక్కపెట్టుకుంటాను. ఆ టైములో ఎవరైనా అటు వస్తే నాకన్నా వాళ్లకే ఎక్కువ టెన్షన్.

పది, పదిహేను ప్లైలు దాటితే ఇక సాక్స్ వల్ల కాదు, సాకెట్టే మార్చాలంటారు పని తెలిసినవాళ్లు. ఐదు, మూడు, మూడు, ఒకటి. నేను పన్నెండులో ఉన్నాను. అయినా మీరే లాక్కొస్తున్నారు. అంటే మీరిప్పుడు సాక్ కాదండీ, ప్రాస్థెటిస్ట్ (కృత్రిమ కాళ్లు చేసి సరిచేసే నిపుణుడు) ఇన్‌చార్జి. పోస్టు ఖాళీ అయితే కింది ఉద్యోగికి అదనపు బాధ్యతలు అప్పగిస్తారే, అలాగ. జీతం పెంపు మాత్రం అడక్కండి.

అసలు ప్రాస్థెటిస్ట్ లేక కాదు. ఉన్నాడు. ఏళ్ల తరబడి నా కాలు చూసినవాడు, బొటనవేలితో ఒక్కసారి తడిమి ఎక్కడ ఒరుసుకుంటోందో చెప్పేవాడు. అనుమానం వస్తే నొప్పి ఉన్న చోట లిప్‌స్టిక్ పూసి, కాలు తొడిగించి, నాలుగడుగులు వేయించి విప్పేవాడు. సాకెట్ లోపల ఎర్రగా అంటిన చోట వేడి చేసి కాస్త వెనక్కి నొక్కితే ప్రాణం లేచొచ్చేది. కాలికి లిప్‌స్టిక్ ఎలా అంటిందో మొదటిసారి మా ఆవిడకి వివరించడం మాత్రం యుద్ధం కన్నా కష్టమైంది.

సర్కారుతో ఆయన కాంట్రాక్టు అయిపోయింది. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే ఉన్నాడు గానీ సర్కారు జాబితాలో లేడు. జాబితాలో ఉన్నాయన నాలుగు గంటల దూరంలో ఉన్నాడు, ఆయన డైరీలో నేను పదకొండు వారాల దూరంలో ఉన్నాను. పోనీ పాతాయన దగ్గరికే వెళ్తానంటే అనుమతి లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అనుమతి కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఒకటి నిజంగానే అరిగింది, మడమ రబ్బరు. దానికి వేరే ఫారం ఉందట. ఇంకా ఎన్నాళ్లండీ అని అడిగితే గుమస్తా ఒంటికాలి మీద లేచాడు. నాకు కష్టంగా అనిపించింది. అది నా విద్య కదా.

ఆ ఆఫీసు వరండాలో నా పక్కాయనకి రెండు కాళ్లూ ఉన్నాయి, కానీ నరం దెబ్బతిని ఒక పాదం పైకి లేవదు. పాదం ఈడ్చుకుపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ బ్రేస్ మడమ దగ్గర చీలితే ప్యాకింగ్ టేపు చుట్టుకుని వచ్చాడు. టేపు గారికి ఆయనా ఒక లేఖ బాకీ.

మీకు చరిత్ర తెలియదు, చెప్తాను. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదట్లోనే దక్షిణాది పక్షాన ఉన్న జేమ్స్ హ్యాంగర్ అనే కుర్రాడికి ఫిరంగి గుండు తగిలి కాలు పోయింది. తనకిచ్చిన కొయ్యకాలు నచ్చక పీపా చెక్కలు చెక్కి తన కాలు తనే చేసుకున్నాడు, తర్వాత అదే వ్యాపారమైంది. తెలివైనవాడు, అపాయింట్‌మెంట్ అడగలేదు. మరుసటేడే అవతలి పక్షం, అంటే కేంద్ర ప్రభుత్వం, తన సైనికులకి కాలుకి 75 డాలర్లు, చేతికి 50 డాలర్లు అని లెక్క కట్టింది. 1870లో ఐదేళ్లకోసారి కొత్తది అని చట్టమూ చేశారు. అప్పటికది గొప్పే, కాదనను. కానీ ఏ దేశంలోనైనా ఫైలు దృష్టిలో కాలంటే ఒకసారి ఇచ్చి సంతకం తీసుకునే సామాను, బూట్లూ దుప్పటిలాగ. స్టంప్‌కేమో చదువు రాదు. గడువు చూసుకోకుండా రోజుకోసారి చిక్కుతుంది.

మొన్న ఉత్తరం వచ్చింది, అపాయింట్‌మెంట్ ఇంకో మూడు వారాలు వెనక్కి జరిగిందని. కింద ఒక వాక్యం: ఈలోగా ఇబ్బంది ఉంటే అదనపు సాక్ వాడండి. చూశారా, మీ నియామకం లిఖితపూర్వకంగానే ఖరారైంది. అభినందనలు.

ఇట్లు,
మీ మీదే నిలబడ్డ
ఒక మాజీ సైనికుడు

తా.క.: ఐదు ప్లై వారిని ఉతికి తీగ మీద ఆరేశాను. మబ్బు పట్టింది. ఆరకపోతే రేపు వారి బదులు మూడో మూడు ప్లై వారు డ్యూటీ ఎక్కాలి. తడిగా మాత్రం ఎవరూ రావద్దు, చర్మం ఊడుతుంది.