సవరణ: పగులు గీత కనబడితే వేరే రకం కాదు

పాత అమెరికా రాగి సెంట్ల మీద మొన్న రాసిన పోస్టులో 'నాణెం మీద పగులు గీత ఉంటే అది వేరే డై రకం' అని ఉంది, ఆ వాక్యం తీసేస్తున్నాను. (డై అంటే నాణెం మీద బొమ్మ, అక్షరాలు పడేలా కొట్టే ఉక్కు అచ్చు.)

రకాన్ని నిర్ణయించేది బొమ్మవైపు డై, వెనకవైపు డై కలిసిన జత. 1790ల్లో ఫిలడెల్ఫియా టంకశాలలో అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా చేత్తో డైలోకి కొట్టేవాళ్లు కాబట్టి ఏ రెండు డైలూ అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకదాంట్లో 1794లోని 1 బొమ్మ జుట్టుకి దగ్గరగా ఉంటే ఇంకోదాంట్లో దూరంగా ఉంటుంది. ఈ సెంట్ల రకాలని జాబితా చేసిన షెల్డన్ నంబర్లు ఇచ్చింది ఈ జతలకే. వెనకవైపు గొలుసు బొమ్మ ఉన్న 1793 సెంట్లలో అమెరికా అన్న మాటని 'అమెరి.' అని కుదించినది ఎస్-1, అంటే షెల్డన్ 1.

పగులు సంగతి వేరు. దెబ్బలు తిని తిని డై చిట్లుతుంది, ఆ చీలికలోకి రాగి ఎక్కి నాణెం మీద ఉబ్బెత్తు గీతగా పడుతుంది. (లోపలికి దిగిన గీతైతే అది ఉత్త గీరుడే, ఎక్కువ డబ్బులు పెట్టకండి.) అది డై దశ (అదే డై ఎంత అరిగి చిట్లిందో చెప్పేది) మాత్రమే, నంబరు మారదు. కొన్ని చివరి దశలకి మాత్రం గిరాకీ బాగానే ఉంటుంది.

అన్నట్టు, షెల్డన్ నంబరు పెద్దదైతే అరుదని కూడా కాదు, అరుదుతనానికి ఆర్-1 (మామూలుగా దొరికేది) నుంచి ఆర్-8 (అన్నిటికన్నా అరుదు) దాకా వేరే కొలత ఉంది.