మార్చిన ప్రతి కీలుకూ లెక్క ఉండాలి

‘మోకాళ్లలో గుజ్జు అయిపోయిందట, చిప్పలు మార్చాలన్నారు’ అన్న మాట ఇవాళ తెలుగునాట ఏ ఊళ్లో విన్నా ఆశ్చర్యం కలగదు. ఆ మాటలో రెండు పొరపాట్లు ఉన్నాయి. ప్రధానంగా అరిగేది గుజ్జు కాదు, మృదులాస్థి. అంటే తొడ ఎముక, కాలి ఎముక ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా వాటి చివరలను నున్నగా కప్పి ఉంచే పొర. శస్త్రచికిత్సలో ఆ రెండు ఎముకల చివరలను కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, పైఎముకకు లోహపు తొడుగు, కిందిఎముకకు లోహపు పళ్లెం, రెండింటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. చిప్ప రోగిదే ఉంటుంది. అవసరమైన వారికి దాని లోపలి వైపున మాత్రం చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. ఈ సంగతి తెలియకపోవడం రోగి తప్పు కానే కాదు. లక్షల రూపాయలు ఖర్చుపెట్టి కత్తి కిందికి వెళ్లే మనిషిని పది నిమిషాలు కూర్చోబెట్టి, ఒంట్లోంచి ఏం తీస్తారో, ఏం పెడతారో చెప్పే ఓపిక మన వైద్య వ్యవస్థకు లేకపోయింది.

కీలు మార్పిడి శస్త్రచికిత్సను శంకించవలసిన పని లేదు. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే శస్త్రవైద్యుడు తుంటి కీలుకు మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడి, అవి త్వరగా అరిగి రోగులను బాధపెట్టగా, ఆ వైఫల్యాన్ని దాచకుండా దిద్దుకుని 1962లో మరింత గట్టిదైన పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌కు మారారు. ఈనాటి కీలు మార్పిడికి అదే పునాది. మోకాలి కీలు పూర్తిగా మార్పించుకున్నవారిలో నూటికి దాదాపు 82 మందికి అది 25 ఏళ్ల పాటు నిలుస్తుందని, తుంటి కీలు విషయంలో ఆ సంఖ్య 58 అని వివిధ దేశాల సమాచారాన్ని క్రోడీకరించి 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేని తల్లి, మరుగుదొడ్డికి కూడా మరొకరి భుజం పట్టుకుని వెళ్లవలసిన తండ్రి, శస్త్రచికిత్స తరువాత మళ్లీ తమ కాళ్ల మీద తాము గుడికో అంగడికో వెళ్లి రాగలగడం వైద్యశాస్త్రం మనిషికి ఇచ్చిన గొప్ప వరాల్లో ఒకటని మేము నమ్ముతున్నాం.

అయితే ఆ వరం ఎవరికి, ఎప్పుడు అన్నదే ప్రశ్న. ఎక్స్‌రేలో కీలు బాగా అరిగినట్టు కనిపించినా పెద్దగా నొప్పి లేనివారు ఉంటారు. కొద్దిపాటి అరుగుదలకే విలవిల్లాడేవారూ ఉంటారు. కాబట్టి ఫొటో ఒక్కటే చూసి ఆపరేషన్ తేదీ ఇవ్వడం సరైన వైద్యం కాదు. ఒంటి బరువు ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. తొడ ముందు భాగపు కండరాన్ని బలపరిచే వ్యాయామాలు క్రమం తప్పకుండా చేసినవారిలో చాలామందికి నొప్పి తగ్గి, నడక మెరుగుపడుతుంది. ఏళ్ల తరబడి శస్త్రచికిత్సను వాయిదా వేయగలిగినవారూ ఉన్నారు. కానీ ఈ వ్యాయామాలు దగ్గరుండి నేర్పే ఫిజియోథెరపిస్టు మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎక్కడ? బురదలో నడుము వంచి నాట్లు వేసి, కలుపు తీసి, యాభై దాటేసరికి మోకాళ్లు వంగిపోయిన కూలి మహిళకు అందుబాటులో ఉన్న వైద్యమల్లా ఊరి ఆర్ఎంపీ ఇచ్చే సూది, మందుల షాపులో చీటీ లేకుండా దొరికే నొప్పి మాత్ర. ఆ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అవసరానికి మించి స్టెరాయిడ్లు వాడినవారిలో తుంటి ఎముక తలకు రక్తప్రసరణ ఆగి, ముప్పై నలభై ఏళ్లకే కీలు కుంగిపోయే ప్రమాదం ఉంది. కీలును కాపాడుకోవలసిన వయసులోనే దానిని మార్చవలసిన స్థితి తెచ్చిపెట్టేది ఇలాంటి వైద్యమే.

కీళ్ల నొప్పులన్నీ అరుగుదల వల్లే రావని కూడా గట్టిగా చెప్పుకోవాలి. పొద్దున్నే లేవగానే చేతివేళ్లు అరగంటకు మించి బిగుసుకుపోయి, రెండు వైపులా వాపు కనిపిస్తే అది ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దానిని మొదటి నెలల్లోనే గుర్తించి మెథోట్రెక్సేట్ వంటి మందులు మొదలుపెడితే కీళ్లు వంకర పోకుండా ఆపవచ్చు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన ఆ మందును రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కనుక, చీటీ రాసే వైద్యుడు ఆ మాటను రోగికి ఒకటికి రెండుసార్లు చెప్పాలి. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలై దేశమంతటా పాకిన చికున్‌గున్యా, జ్వరం తగ్గిన తరువాత కూడా ఎంతోమందిని నెలల తరబడి కుంటించింది. ఇక ఫ్లోరైడు సంగతి సరేసరి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించారు. నల్గొండ పల్లెలు తరాల తరబడి దాన్ని మోశాయి. ఆ నొప్పికి అసలు మందు మంచినీళ్లు.

పనికిరాదని తేలిన వైద్యం కొనసాగడం మరో బాధ. అరిగిన మోకాలిలోకి గొట్టం పంపి ‘కడిగి శుభ్రం చేసే’ ఆర్థ్రోస్కోపీ మీద అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందితో జరిపిన పరిశీలన 2002లో వెలువడింది. కొందరికి నిజంగా కడిగారు, కొందరికి పైపైన కోత పెట్టి కుట్టేశారు. రెండేళ్ల తరువాత చూస్తే నొప్పిలో గాని నడకలో గాని తేడా లేదు. అరుగుదల మోకాళ్లకు ఈ పద్ధతి వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. మోకాలి గాయాలకు, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగినప్పుడు ఆర్థ్రోస్కోపీ విలువైన సాధనమే, దాన్ని ఎవరూ కాదనరు. రోబో శస్త్రచికిత్స అమరికలో కచ్చితత్వాన్ని పెంచుతుంది, అందులో సందేహం లేదు. అయితే కచ్చితత్వం పెరిగినంత మాత్రాన కీలు ఎక్కువ కాలం మన్నుతుందని చెప్పడానికి లేదు. మూలకణాలతో మృదులాస్థి మళ్లీ మొలుస్తుందని హోర్డింగుల మీద హామీలిచ్చేవారిని ప్రభుత్వాలు నిలదీయాలి.

ధర విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకుంటే ఫలితం ఉంటుందని ఇప్పటికే రుజువైంది. 2017 ఆగస్టు 16న జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు, అంటే లోపల అమర్చే కృత్రిమ భాగాలకు, గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతవరకు సగటున 1,58,324 రూపాయల ముద్రిత ధర ఉన్న కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంటు 54,720 రూపాయలకు దిగింది. తయారీదారుకు, రోగికి మధ్యనున్న అంచెల్లో ఎంత సొమ్ము పోతోందో ఆ ఒక్క ఉత్తర్వు బయటపెట్టింది. అయితే మొత్తం బిల్లులో ఇంప్లాంటు ఒక పద్దు మాత్రమే. గది అద్దె, పరికరాలు, ప్యాకేజీల పేర్లతో మిగతా పద్దులు పెరిగితే రోగికి ఒరిగేదేమిటని అడగవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలది.

ధర కన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఒంట్లో పెట్టిన కీలు ఎన్నాళ్లు మన్నిందో, ఏ కంపెనీది ఎక్కడ విఫలమైందో చెప్పే పూర్తి లెక్క మన దగ్గర లేదు. మార్చిన మోకాలి కీళ్ల వివరాలు నమోదు చేసే రిజిస్టరును స్వీడన్ 1975లోనే ప్రారంభించింది. ఆస్ట్రేలియా 1999లో, బ్రిటన్ 2003లో ఆ దారి పట్టాయి. ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి కీలు మిగతావాటికన్నా త్వరగా విఫలమవుతోందని ముందుగా పసిగట్టింది ఆస్ట్రేలియా రిజిస్టరే. అక్కడ 2009లో దాని అమ్మకం నిలిచిపోయింది, 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో ఆ కీలుతో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి. తీరా చూస్తే వారిలో మూడున్నర వేల మందికి పైగా ఎక్కడున్నారో ఎవరికీ తెలియదని 2018లో వెలుగు చూసింది. రాపిడికి రాలిన లోహం రక్తంలో కలుస్తున్నా, కబురు చెప్పడానికి చిరునామాలు లేవు. ఈ ఒక్క ఉదంతం చాలు, కళ్లు తెరవడానికి.

నిపుణుల సంఘాలు స్వచ్ఛందంగా నడిపే నమోదు మంచిదే, కానీ ఇష్టమైనవారు రాసి ఇష్టం లేనివారు మానేసే పుస్తకం రోగికి రక్షణ ఇవ్వదు. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ పరిధిలో జరిగే ప్రతి కీలు మార్పిడినీ తప్పనిసరిగా నమోదు చేయించాలి. ఇది కొండను తవ్వే పని కాదు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద జరిగే చికిత్సలకు అనుమతులు 2007 నుంచి కంప్యూటర్ల ద్వారానే నడుస్తున్నాయి. అదే పద్ధతిని సొంత డబ్బుతో, బీమాతో చేయించుకునేవారికీ విస్తరించి, ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌కు షరతుగా పెడితే సరిపోతుంది. రోగి వయసు, ఏ కారణంతో మార్చారు, ఏ ఇంప్లాంటు, ఏ బ్యాచి, మళ్లీ విప్పవలసి వచ్చిందా, వస్తే ఎన్నేళ్లకు, ఎందుకు అన్న కాసిని వివరాలు చాలు. నొప్పి, నడక గురించి ఏడాది తరువాత రోగినే అడిగి రాయాలి. శస్త్రచికిత్స సాఫీగా జరిగినా మోకాలు మార్పించుకున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు ఫలితంతో తృప్తి పడడం లేదని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. నేల మీద కూర్చుని తినే, గొంతుకూర్చుని పనిచేసే మన మనుషుల సంగతి ఏమిటో మన లెక్కల నుంచే తెలియాలి. ఆసుపత్రి పేరుతో సహా ఏటా ఆ వివరాలు ప్రజల ముందు పెట్టాలి.

ఇంప్లాంటు పెట్టెలో మోడలు, బ్యాచి సంఖ్యలున్న చిన్న స్టిక్కర్లు వస్తాయి. వాటిని ఆసుపత్రి కేసు షీటులో అంటించుకుంటుంది. రిజిస్టరు ఏర్పడేదాకా ఆగనక్కర్లేకుండా, వాటిలో ఒకటి రోగి డిశ్చార్జి పత్రం మీద కూడా అంటించి, ఇంట్లో భద్రపరచుకొమ్మని చెప్పి పంపాలని రెండు ప్రభుత్వాలూ ఈ నెలలోనే ఉత్తర్వులు ఇవ్వవచ్చు.