ముందు కాగితం మీద పెట్టండి

'మీ బాబు మా స్కూల్లో ఇమడలేడండీ, వేరే చోట చూసుకోండి.' ఆటిజం ఉన్న పిల్లల అమ్మానాన్నల్లో ఈ మాట పడనివాళ్లు తక్కువ. ప్రిన్సిపాల్ గది బయట లంచ్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని గంటసేపు కూర్చున్న అమ్మని లోపలికి పిలిచి రెండు నిమిషాల్లో చెప్పేస్తారు, అదే రాసివ్వమంటే మాత్రం ఇవ్వరు. రాసిస్తే చట్టానికి దొరికిపోతామని వాళ్లకూ తెలుసు మరి.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడైనా వివక్ష లేకుండా ఈ పిల్లల్ని చేర్చుకోవాలనీ, వాళ్లకు తగ్గ సర్దుబాట్లు చేయాలనీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవర్నీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం అంతకుముందే చెప్పింది. అయినా 'షాడో టీచర్‌ని (క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి చూసుకునే మనిషిని) మీరే తెచ్చుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి' అన్న దగ్గర గొడవ మొదలై, టీసీ దగ్గర ముగుస్తోంది.

అలాగని టీచరమ్మని తిట్టి లాభం లేదు. నలభై మంది పిల్లల మధ్య ఒకడు రెండు చెవులూ మూసుకుని బల్ల కింద దూరితే ఏం చేయాలో ఆవిడకెవరు నేర్పారు? ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ పోస్టులు నింపాల్సింది ప్రభుత్వాలు.

అమెరికాలో ఉన్న మనవాళ్లని అడగండి. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇలాంటి ప్రతి పిల్లాడికీ రాతపూర్వకంగా ఒక ప్రణాళిక ఉంటుంది, అది తయారుచేసేటప్పుడు తల్లిదండ్రులు పక్కనే కూర్చుంటారు, ఇంగ్లిష్ రాని అమ్మకి దుబాసీని బడే ఏర్పాటు చేయాలి. మాట కుదరకపోతే మధ్యవర్తి వస్తాడు, ఖర్చు రాష్ట్రానిది. అక్కడ గొడవలు లేవని కాదు, లాయర్ల దాకా పోయేవీ ఉన్నాయి. కానీ ఎవరు ఏం ఒప్పుకున్నారో చూపడానికి చేతిలో కాగితమంటూ ఉంటుంది.

మనకూ రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు, విచారణలో సివిల్ కోర్టుకుండే అధికారాలూ ఉన్నాయి. కాకపోతే కూలి మానుకుని, పిల్లాణ్ని చంకనేసుకుని అంతదూరం ఎంతమంది వెళ్లగలరు? అమెరికాలో లాంటి ఆ మధ్యవర్తిత్వం మండలంలోని భవిత కేంద్రంలోనే (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) జరగాలన్నది మా డిమాండ్. అంతకన్నా ముందు, అడ్మిషన్ రోజే ఒక్క పేజీ రాసుకోవాలి: ఏ శబ్దం పడదు, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎవరు చూసుకుంటారు, కుదరకపోతే ఎవర్ని పిలవాలి. కింద రెండు సంతకాలు, ఒక కాపీ ఇంటికి.