చెత్తబుట్టలో వేస్తే పాపం, వానపాములకు వేస్తే పుణ్యం

వంటింటి చెత్తను తిని ఎరువుగా మార్చే వానపాముల తొట్టి ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు మొదట దక్కేది ఆ ఎరువు కాదు. దానికి కొన్ని నెలలు ఆగాలి. తొట్టి తెచ్చిన పూటే చేతికందేది మనశ్శాంతి. ఫ్రిజ్ అడుగు అరలో మగ్గి మగ్గి, పట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయే కూరగాయను బయటికి తీస్తున్నప్పుడు మనసులో ఎక్కడో కలుక్కుమనేది చూశారూ, ఇక ఆ బాధ లేదు. నిన్నటిదాకా అది దండగ, ఇవాళ్టి నుంచి మేత. కాబట్టి కూరగాయలు అవసరానికి మించి కొనడం, వండకుండా కుళ్ళబెట్టడం అనే రెండు పాత నేరాలను తక్షణం రద్దు చేసి, వాటిని పర్యావరణ సేవగా గుర్తించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

ఈ సేవకు కేంద్ర కార్యాలయం సింకు పక్కనుండే తొక్కల డబ్బా. చూడ్డానికి చిన్నదే గానీ ఇంట్లో అంత క్రమశిక్షణ ఇంకెక్కడా కనిపించదు. పిల్లలు ఏం తిన్నారో అడగడం మర్చిపోయినా, డబ్బాలో ఏం పడిందో మాత్రం మూత తీసి మరీ చూస్తాం. నిమ్మతొక్క కనిపించిందా, విచారణ మొదలు. పులుపు ఎక్కువైతే వానపాములకు పడదు, ఉల్లిపాయ ఘాటు గిట్టదు, నూనె, మాంసం, పాల పదార్థాలు వేస్తే కంపు కొట్టి పురుగులూ ఎలుకలూ చేరతాయి. ఇవన్నీ న్యాయమైన నియమాలే, కాదనను. ఇంట్లో మనిషి ఫలానాది నాకు పడదంటే "ఇవాళ్టికి సర్దుకో" అనేవాళ్ళం, వానపాముల విషయానికొచ్చేసరికి ఇంత పట్టింపు ఎలా వచ్చిందన్నదే నా ఆశ్చర్యం.

వాటికి పళ్ళు ఉండవు. మెత్తబడ్డదే మింగుతాయి. అసలు పని మొదలుపెట్టేది సూక్ష్మజీవులు, అవి తొక్కను కుళ్ళబెడితే ఆ కుళ్ళునూ ఆ సూక్ష్మజీవులనూ కలిపి వానపాము లాగిస్తుంది, లోపల గరుకు రేణువులతో నూరుకుంటుంది. అందుకని గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి కొట్టి చల్లుతాం. అరటి తొక్కను గోరంత ముక్కలుగా తరుగుతాం, మన కూరలో ముక్కలు మాత్రం ఒకటి పిడికెడంత, ఇంకోటి గింజంత. ఇంకాస్త భక్తి ఉన్నవాళ్ళు తొక్కల్ని ఫ్రీజర్‌లో పెడతారు. గడ్డకడితే కణాల గోడలు పగిలి, కరిగాక త్వరగా మెత్తబడతాయి, పండ్ల ఈగల గుడ్లు కూడా చాలావరకు చస్తాయి. ఐస్‌క్రీమ్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి, ఆ తడి పీల్చడానికి చింపిన అట్టముక్కలు పరుపుగా వేయాలి. మరి అట్ట ఎక్కడిది? ఇక్కడే ఈ ఉద్యమం అసలు గొప్పతనం బయటపడుతుంది. అవసరం లేని వస్తువు ఆర్డర్ చేశామనే మాటే ఇక ఉండదు, వస్తువుది ఏముంది, మనకు కావలసింది పెట్టె. (టేపు పీకేయడం మరవొద్దు, వానపాములు ప్లాస్టిక్ తినవు, ఆ విషయంలో మాత్రం మనకు సహకరించడం లేదు.)

అన్నీ కుదిరితే కిలో వానపాములు రోజుకు అరకిలో దాకా తింటాయని అంటారు. అన్నీ కుదరవు. మన పుణ్యం వాటి ఆకలిని మించిపోతుంది. వేసింది అరగకముందే ఇంకో డబ్బా గుమ్మరిస్తే లోపల గాలి ఆడదు, పులిసిన కంపు మొదలవుతుంది, కుళ్ళే కుప్ప వేడెక్కుతుంది. తడిచర్మంతో ఊపిరి పీల్చే జీవులు కదా, పాపం, మూకుమ్మడిగా తొట్టి గోడలెక్కి మూత దగ్గర గుంపు కడతాయి. దాన్ని ధర్నా అనుకోవడం మన తొందరపాటు. మనల్ని చూడ్డానికి వచ్చాయి.

అలాంటప్పుడు కొన్నాళ్ళు మేత ఆపి, పొడి అట్ట వేసి, కలియబెట్టి వదిలేయమని తెలిసినవాళ్ళు చెబుతారు. కూరగాయలు కాస్త తక్కువ కొంటే సరిపోతుందని ఇంట్లో ఎవరో ఒకరు గొణుగుతారు కూడా. అలాంటి వెనకబడిన ఆలోచనలను మొగ్గలోనే తుంచాలి. ఇంకో తొట్టి ఆర్డర్ చేస్తే పోలే, పైగా అది చాలా పెద్ద అట్టపెట్టెలో వస్తుంది.