రాజ్యాంగంలో లేని ఎమ్మెల్యే

పేపర్ జిల్లా ఎడిషన్‌లో ఒక ఫొటో వేశారు. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు తొమ్మిది. చెక్కు అందుకుంటున్న ముసలావిడ మొహానికి ఎవరిదో వాచీ పెట్టుకున్న చెయ్యి అడ్డొచ్చి సగమే కనిపిస్తోంది. ఫొటో కింద ‘నియోజకవర్గ ఇన్‌చార్జి గారి చేతుల మీదుగా చెక్కుల పంపిణీ’ అని రాశారు. మరి ఎమ్మెల్యే ఏడీ? ఆయనది వేరే పార్టీ. గెలిచాడు కాబట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఈయన అధికార పార్టీ తరఫున నిలబడి ఓడిపోయాడు కాబట్టి చెక్కులు పంచుతున్నాడు.

ఇంత ఘనమైన పదవి రాజ్యాంగంలో ఏ మూలో ఉండకపోదని 170వ అధికరణం తిరగేశాను. రాష్ట్ర శాసనసభలో 500 మందికి మించకుండా, 60కి తగ్గకుండా సభ్యులుండాలట. వాళ్లు నియోజకవర్గాల్లో జనం నేరుగా వేసిన ఓట్లతో రావాలట. ఆ ప్రకారం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది. ఇన్‌చార్జి ఊసే లేదు. పోనీలే అని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చూశాను. అందులో అభ్యర్థి ఉన్నాడు, ఏజెంటు ఉన్నాడు, డిపాజిట్ ఎలా పోగొట్టుకోవాలో కూడా వివరంగా ఉంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే పదివేలూ గోవిందా. డిపాజిట్ పోయినవాడు మర్నాడు తహసీల్దారు ఎదురుగా ఏ కుర్చీలో కూర్చోవాలో మాత్రం ఎక్కడా రాయలేదు. మూడేళ్లు కూర్చుని అంత లావు రాజ్యాంగం రాసిన పెద్దలకి అసలు మనిషే తట్టలేదు.

ఓడిపోవడంలో కూడా రకాలున్నాయి. మన పార్టీ కూడా ఓడితే అది మామూలు ఓటమి. నాలుగు రోజులు ఫోన్ స్విచాఫ్ చేసుకుని, తర్వాత ‘ప్రజా తీర్పుని గౌరవిస్తున్నాం’ అని ఒక ప్రెస్‌మీట్ పెట్టాలి. మనం ఓడి మన పార్టీ గెలిస్తే అది యోగం. అసెంబ్లీకి పోనక్కర్లేదు, ప్రశ్న వేయనక్కర్లేదు, ఆస్తుల అఫిడవిట్ మళ్లీ ఇవ్వనక్కర్లేదు. అయినా సీఐ పోస్టింగుకి మన మాట కావాలి. అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగానికి మన మాట కావాలి. రేషన్ డీలర్‌ని ఉంచాలా తియ్యాలా అన్నది మన ఇంటి వరండాలో తేలాలి. గెలిచిన ఎమ్మెల్యేకి మిగిలేది జీతం, తిరుమల దర్శనానికి సిఫారసు లెటర్. దేవుడి దగ్గర తప్ప ఆయన సంతకం ఇంకెక్కడా చెల్లదు.

ఒక సీసీ రోడ్డు ప్రారంభం ఊహించుకోండి. ఊహించుకోవడం దేనికి, మీ ఊళ్లోనూ జరిగే ఉంటుంది. రోడ్డు రామాలయం దగ్గర మొదలై బడి దగ్గర అయిపోతుంది. శిలాఫలకం మీద ప్రోటోకాల్ ప్రకారం ముఖ్యమంత్రి, మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే పేర్లు చెక్కారు. ఇన్‌చార్జి పేరు చెక్కడానికి రూలు ఒప్పుకోదు. అందుకని ఆ రాయి కనబడకుండా దాని ముందు ఆయన ఫ్లెక్సీ కట్టారు. ఎమ్మెల్యేకి పదకొండు గంటలకి రమ్మని ఆహ్వానం వెళ్లింది. ఇన్‌చార్జి తొమ్మిదిన్నరకే వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. కొబ్బరికాయ కొట్టాడు, అది కుళ్లింది, ఇంకోటి కొట్టాడు. ఆయన కార్లు సందు తిరగ్గానే ఏఈ గారు తెగిన రిబ్బన్ రెండు ముక్కలూ ముడేసి మళ్లీ కట్టించాడు. పదకొండింటికి ఎమ్మెల్యే వచ్చి సరిగ్గా ఆ ముడి మీదే కత్తెర పెట్టాడు. అది తెగదు. ఎంపీడీవో చెమటలు తుడుచుకుంటూ ‘కొంచెం పక్కన సార్, కొంచెం పక్కన’ అంటాడు. పక్కన కత్తిరించాక చప్పట్లు కొట్టడానికి బడిపిల్లల్ని రెండోసారి ఎండలోకి తోలుకొచ్చారు.

ఇంతటితో అయిపోలేదు. మధ్యాహ్నం మూడో ఆయన దిగాడు. పాత ఇన్‌చార్జి. తనని తీసేసిన సంగతి పార్టీ ఆయనకింకా చెప్పలేదు, వాట్సాప్‌లో తిరుగుతున్న జాబితాని ఆయన నమ్మట్లేదు. రిబ్బన్ అయిపోయింది కాబట్టి ఏఈ గారు చెక్కపెట్టె మీద కట్టిన పురికొస విప్పి దానికి బంతిపూలు గుచ్చాడు. సాయంత్రానికి ఆ రోడ్డు మూడుసార్లు జాతికి అంకితమైంది. బిల్లు మాత్రం ఒక్కసారీ పాసవ్వలేదు, కాంట్రాక్టరు ఎవరి మనిషో తేలే వరకు అవ్వదు కూడా.

ఎమ్మెల్యే గారే పార్టీ మారి అధికార పక్షంలోకి వచ్చేశాడనుకోండి, కథ ఇంకా రక్తి కడుతుంది. ఫిరాయింపుల చట్టానికి మూడింట రెండొంతుల మంది కలిసి దూకితే అభ్యంతరం లేదు. 2019లో తెలంగాణ కాంగ్రెస్‌కి మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది అలాగే టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. వాళ్ల చేతుల్లో ఓడిపోయిన టీఆర్ఎస్ వాళ్లు అప్పటిదాకా నియోజకవర్గాల్ని ఏలుతున్నారు కదా, వాళ్లేమైపోవాలి? ఓటరు ఏమైపోయాడని అడగొద్దు, ఆయన వేలి మీద సిరా ఆరిన రోజే ఆయన పని అయిపోయింది.

2024 ఎన్నికల ముందు ఆంధ్రాలో అప్పటి అధికార పార్టీ ఇంకో పద్ధతి కనిపెట్టింది. ఇన్‌చార్జుల జాబితాలు విడతలు విడతలుగా వదిలింది. ఇక్కడి ఎమ్మెల్యే అక్కడికి, అక్కడి మంత్రి ఇంకో జిల్లాకి, అచ్చం టీచర్ల బదిలీల్లాగే. టీచర్లకి కౌన్సెలింగ్ అయినా ఉంటుంది. ఇన్నేళ్లు ‘నా నియోజకవర్గ ప్రజలే నా కుటుంబం’ అన్న పెద్దమనిషికి రాత్రికి రాత్రే కొత్త కుటుంబం వచ్చింది. ఇంత కసరత్తు చేసి 175 చోట్ల పోటీకి దిగితే ఫలితాల రోజు 11 చేతికొచ్చాయి. ఇప్పుడు గద్దె మీదున్నవాళ్లు దీన్నుంచి ఏదో నేర్చుకుని ఉంటారనుకుంటే మీ అమాయకత్వానికి ఒక దండం.

నాయకులకి మాత్రం నియోజకవర్గాలు చాలడం లేదట. 2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రాకి 175 నుంచి 225, తెలంగాణకి 119 నుంచి 153 అని రాసి పెట్టారు. 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా ఆగమని రాజ్యాంగం అడ్డం పడింది. కశ్మీర్‌కి పెంచి మాకెందుకు పెంచరని కోర్టుకెళ్తే, 2025 జులైలో సుప్రీంకోర్టు కుదరదంది. మొత్తం 84 కొత్త సీట్లు. 84 మంది ఎమ్మెల్యేలొస్తారని మీరనుకుంటున్నారు. వాళ్ల మీద ఓడిపోయే 84 మంది గురించి ఆలోచించండి, ఈ ఆరాటం ఎవరిదో తెలుస్తుంది. ఇప్పుడున్న గీతలే జనానికి సరిపోయాయా అంటే అదీ లేదు. శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలు దాటారు. భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. హుస్నాబాద్ నియోజకవర్గం సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ మూడు జిల్లాల్లో ఉంది. ముగ్గురు కలెక్టర్లున్నారు, ఏ పనికి ఎవరి దగ్గరికి పోవాలన్నది మీ మండలాన్ని బట్టి.

భద్రాచలం ఎందుకంత చిక్కిపోయింది? 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని ఆంధ్రాలో కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం జనం ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యే సున్నం రాజయ్య తెలంగాణ అసెంబ్లీలో కూర్చోవాల్సి వచ్చింది. ఆయన సొంతూరు కూడా ఆంధ్రాకే పోయింది. ఓటు ఒక రాష్ట్రంలో, ఊరు ఇంకో రాష్ట్రంలో. గోదాట్లో మునిగిపోతాయని ముందే తెలిసిన ఊళ్లు అవి. పరిహారం గురించి, పునరావాసం గురించి సభలో అడిగే మనిషి అందరికంటే ఎక్కువ అవసరమైన జనం. 2019 దాకా వాళ్ల తరఫున ఆంధ్రా అసెంబ్లీలో ఎమ్మెల్యే అన్నవాడే లేడు. ఊరూరా ఇన్‌చార్జుల్ని వేసే పార్టీల్లో ఏదీ దీని గురించి అసెంబ్లీని ఒక్క రోజైనా ఆపినట్టు నేనైతే వినలేదు. అక్కడ పంచడానికి కాంట్రాక్టుల్లేవు, మునక ఒక్కటే ఉంది.

భద్రాచలం ఎస్టీ స్థానం. రిజర్వుడు స్థానాల సంగతికొస్తే ఇక నాకు నవ్వు రాదు. ఆంధ్రాలో 29 ఎస్సీ, 7 ఎస్టీ. తెలంగాణలో 19 ఎస్సీ, 12 ఎస్టీ. ఇక్కడ ఎమ్మెల్యే గెలిచినా, సొంత పార్టీ గెలిచినా, పైన ఇంకొకడు ఉంటాడు. సమన్వయకర్త అంటారు, పరిశీలకుడు అంటారు, ‘పెద్దాయన’ అంటారు. ఆ కులం వాడు కాదు. ఆ సీటులో పోటీ చేసే హక్కే లేనివాడు. కానీ ఇసుక రేవు ఆయనది, ఎస్సై ఆయన మనిషి, మండల ప్రెసిడెంటు ఎవరన్నది ఆయన ఇష్టం. లక్షమంది ఓట్లేసి గెలిపించిన దళిత ఎమ్మెల్యే ఆయన ఇంటికెళ్లి, చెప్పులు బయట విడిచి, పిలిచేదాకా నిలబడాలి. ఎదురు తిరిగితే వచ్చేసారి టికెట్ ఉండదు. రిజర్వేషన్ ఇచ్చింది ఒక మొహానికా, ఒక సంతకానికా? ఊరి పెత్తనం అగ్రహారం గడప దాటకుండా, దొర గడి దాటకుండా ఉండటానికేనా నియోజకవర్గం అని గీత గీసింది? ఇంత సిగ్గుమాలిన ఏర్పాటుకి సమన్వయం అని పేరు పెట్టుకోవడానికి నోరెలా వస్తుంది?

టికెట్లు ప్రకటించే రోజు ప్రతి పార్టీ ప్రెస్‌మీట్ పెట్టి బీసీలకిన్ని, ఎస్సీలకిన్ని, మైనార్టీలకిన్ని అని లెక్క చదువుతుంది. అదే గొంతుతో రెండో లెక్క కూడా చదవండి. రిజర్వుడు స్థానాల్లో మీరు కూర్చోబెట్టిన పెద్దాయనలు ఎందరు, ఎవరెవరు, వాళ్లలో ఏ కులం వాళ్లు ఎంతమంది. మైకులు ఎటూ మీ ముందే ఉంటాయి.