రెండో హార్మోనిక్ గారికి ఒక విన్నపం

కడప,
మే నెల, మిట్టమధ్యాహ్నం.

మహారాజశ్రీ రెండో హార్మోనిక్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి కానీ, ఇక్కడ కుశలం లేదు. ఫ్యాను ఆపేశారు. మా బావ సింగిల్ ఎండెడ్ వాల్వు యాంప్లిఫయర్ (ఒక్కో స్పీకరును ఒకే గాజు వాల్వు నడిపే పాటల యంత్రం) కొన్నప్పటి నుంచి అక్క ఇంట్లో పాట మొదలైతే ఫ్యాను ఆగాలి. ఎనిమిది వాట్ల యంత్రం కదా, రెక్కల చప్పుడులో తమరి సన్నిధి, అంటే ప్రతి స్వరానికీ అది రెట్టింపు కంపనాలతో కలిపే సన్నని పై స్వరం, తెలియదట! పైగా అది క్లాస్ ఎ. పాడినా ఊరకున్నా కరెంటు మాత్రం తాగుతూనే ఉంటుంది. 1938 నాటి వెస్టర్న్ ఎలక్ట్రిక్ 300బి వంశానికి చెందిన వాల్వులు రెండు బల్ల మీద కుంపట్లలా కూర్చున్నాయి. పక్కన పెట్టిన గ్లాసులో మజ్జిగ వేడెక్కింది.

తమరి పుట్టుకలో తప్పు లేదు. అల పై సగాన్నీ కింది సగాన్నీ ఒకే వాల్వు మోయాలంటే ఒక పక్కకు ఒరుగుతుంది; ఆ వంకరలోంచి పుట్టారు. పుష్‌పుల్ యంత్రంలో రెండు వాల్వులు ఎదురుబొదురుగా నిలబడి మిమ్మల్ని కొట్టేస్తాయి. 1927లో అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే బయటికొచ్చే సిగ్నల్లో కొంత తిరగేసి లోపలికి పంపి వంకర సరిచేసే పద్ధతి, కనిపెట్టింది మీ వంశాన్ని గెంటడానికే. మా బావ ఏరికోరి ఫీడ్‌బ్యాక్ లేని యంత్రం తెచ్చి, పూర్ణకుంభంతో మిమ్మల్ని ఇంట్లోకి పిలుచుకున్నాడు. నా ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో మీరు లేరు కాబట్టి దానికి ప్రాణం లేదట.

సిగ్గు విడిచి ఒకటి చెప్పాలి. మీరు మర్యాదస్తులే. సా సెకనుకు 440 కంపనాలైతే మీరు 880, అంటే పై సా. ఏడో హార్మోనిక్‌లా శ్రుతి చెడగొట్టే రకం కాదు. మొన్న బావ నా యంత్రాన్నీ తెప్పించి, రెండింటికీ అడ్డంగా అక్క చీర కట్టి, మీటరుతో ధ్వని సమం చేసి ఒంటి వీణ మూడుసార్లు వినిపించాడు. మూడుసార్లూ మిమ్మల్నే ఎంచుకున్నాను. బావ ఇప్పటికి ఊరంతా చెప్పేశాడు.

మీరు ఒంటరిగా రారు, అదే నా ఫిర్యాదు. మిమ్మల్ని కన్న వంకరే, రెండు స్వరాలు కలిసి వస్తే వాటిని కూడి, తీసి, కొత్తవి కంటుంది. 440 సా పక్కన 495 రి పలికితే 935 దగ్గర ఒకటి లేస్తుంది. పై సా 880, పై రి 990. ఇది సరిగ్గా ఆ రెంటి నడుమ, ఎవరూ పాడని స్వరం! వీణ తర్వాత రెండు నాదస్వరాలు, డోలు ఉన్న మేళం పెట్టించాను. చీర వెనక పెళ్లిపందిరి కూలినట్టయింది. "రికార్డింగే అంత" అన్నాడు బావ, వాల్వుల వంక చూడకుండా.

కారం దోసెలో కారం నాకూ ఇష్టమే. అది వంటవాడు పూయాలి. వడ్డించేవాడు వంటింటి నుంచి బల్ల దాకా వస్తూ దారిలో పూసుకొస్తే, పిండి రుచే అంత అని నమ్మమంటే ఎలా?

కాబట్టి వీణ పెట్టిన రోజు రండి, కాదనను. మేళం పెట్టిన రోజు మాత్రం బంధుమిత్ర సపరివారంగా సెలవు పుచ్చుకోండి. ఫ్యాను స్విచ్చి సంగతి బావకు మీరే చెప్పండి, నా మాట వినడం లేదు.

ఇట్లు,
చెమటలో తడుస్తూ,
బావమరిది