మా గుమ్మం తాళంకప్పగారికి ఒక మనవి

మహారాజశ్రీ తాళంకప్పగారికి,

మూడో అంతస్తు ఫ్లాటు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు బిగుసుకునే ఉన్నారని తలుస్తాను. తలచడమేమిటి, ఇప్పుడే మూడుసార్లు లాగి చూసి వచ్చాను.

అసలు గొడవంతా ఆ లాగడం దగ్గరే. ఏడు లీవర్లున్నాయని కొట్టతను చెబితే తమర్ని తెచ్చుకున్నాను. తాళం పడితే 'టక్' మని వినబడుతుంది కూడా. అయినా లాగుతాను. లిఫ్టు దాకా వెళ్లి వెనక్కొచ్చి మళ్లీ లాగుతాను. వీధి చివర సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని, ఇంతకీ లాగానా లేదా అని టెన్షన్ పడతాను. జనాన్ని నమ్మలేక తమర్ని పెట్టుకున్నాను, ఇప్పుడు తమర్నీ నమ్మలేకపోతున్నాను. తాళం వేసి గొళ్లెం మరిచినట్టు అని సామెత. నాకు తాళమూ గుర్తుంటుంది, గొళ్లెమూ గుర్తుంటుంది, నిద్రపోవడమొక్కటే మర్చిపోయాను.

తమరొక్కరే అయితే సర్దుకుపోదును. తమరి బంధువర్గం మరీ పెద్దది. చలివేంద్రంలో స్టీలు గ్లాసుకు గొలుసు. బ్యాంకులో పెన్నుకు దారం (ఆ పెన్ను రాయదు, అది వేరే సంగతి). రైలు టాయిలెట్లో మగ్గుకు గొలుసు, అదీ సరిగ్గా అక్కరకు రానంత పొట్టిది. ఇక గుడికి వెళ్తే కుడి చెప్పు కొబ్బరికాయల కొట్టు దగ్గర, ఎడమ చెప్పు గేటుకు అవతల విడుస్తాను, జత దొరక్కపోతే ఎవడూ ఎత్తుకుపోడని. దేవుడి ముందు ఏం మొక్కుకున్నానో గుర్తుండదు గానీ ఏ చెప్పు ఎటుందో మాత్రం బాగా గుర్తుంటుంది.

పోయిన సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లాం. ప్లాట్‌ఫారం మీద గొలుసూ తాళమూ కొని సూట్‌కేసును బెర్తు కింద కట్టేశాను. అందులో ఉన్నవేమిటంటే మూడు చొక్కాలు, తిరుగుప్రయాణంలో అరిసెలు నింపుకుందామని తీసుకెళ్తున్న ఖాళీ డబ్బాలు. రాత్రంతా ఆ ఖాళీ డబ్బాలకు కాపలా కాశాను. ఎదుటి బెర్తు పెద్దాయన కూడా కన్ను మూయలేదు. నేను ఆయన్ని కనిపెడుతున్నాను, ఆయన నన్ను కనిపెడుతున్నాడు. తుని దాటాక ఆయనే లేచి, "బాబూ, కాస్త సామాను చూస్తుంటావా, మొహం కడుక్కొస్తాను" అన్నాడు. రాత్రంతా ఎవర్ని దొంగనుకున్నాడో వాడికే అప్పజెప్పి వెళ్లాడు! నేనూ బుద్ధిగా చూశాను. నా సూట్‌కేసు కంటే శ్రద్ధగా చూశానేమో కూడా.

స్థలం కొన్న కథ ఎత్తితే ఈ లేఖ ముగియదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద నమోదైన లావాదేవీల పట్టీ) తీశాను, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) చూపించాను, ప్రహరీ కట్టించి నా పేరు రాయించాను. అయినా రెండు నెలలకోసారి వెళ్లి, స్థలం ఇంకా నాదిగానే ఉందా అని చూసి వస్తాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సర్కారు కాగితాన్ని నమోదు చేస్తుందే గానీ, యజమాని ఫలానావాడేనని పూచీ పడదు. సర్కారే పూచీ పడని చోట తమరి ఏడు లీవర్లు ఏపాటివి?

మా నాన్నదైతే ఇంకో మెట్టు పైన. ఆయన కేంద్ర ప్రభుత్వ పెన్షనరు. ఏటా నవంబరులో తను బతికే ఉన్నట్టు రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చాక వేలిముద్ర వేస్తే చాలన్నారు. ఎనభై దాటిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు వేయించి, "మీరు కాదంటోంది సార్" అన్నాడు మిషను దగ్గరి కుర్రాడు. నాకు ఒళ్లు మండింది. నాన్న మాత్రం చెయ్యి పంచెకు తుడుచుకుని, "దాన్నేమనకురా, పాపం దానికి ఎంతమంది అబద్ధం చెప్పారో" అన్నాడు. ఐదోసారికి పడింది.

మహారాష్ట్రలో శని శింగణాపూర్ అనే ఊరుంది. శనిదేవుడు చూసుకుంటాడని అక్కడ ఇళ్లకు తలుపులు పెట్టకపోవడం ఆనవాయితీ. తమరి వంశానికి ఆ ఊళ్లో పిలుపు లేదు. 2011లో యూకో బ్యాంకు అక్కడ శాఖ తెరిస్తే తాళం లేని బ్యాంకని అంతా చెప్పుకున్నారు. నిజానికి గాజు తలుపుకు పెద్దగా కంటికి కనబడని విద్యుదయస్కాంత తాళం పెట్టారట, రిమోట్‌తో నడిచేది. దేవుణ్ణి నమ్మినట్టూ ఉంది, తమర్ని వదలనట్టూ ఉంది. చదివి నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే నాకు కావలసిందీ అదే.

అందుకో పథకం వేశాను. ఇంటి పద్దుల పుస్తకంలో పాలు, కరెంటు, గ్యాసు కింద 'మోసపోవడానికి' అని ఒక వరుస పెట్టాను. నెలకు 200 రూపాయలు. ఓటీపీ అడిగేవాళ్లకూ, వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా తొడుక్కుని 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాళ్లకూ ఇందులో వాటా లేదు. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు, వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి సైబర్ నేరాల 1930 నంబరుంది. ఇది చిల్లర మోసాలకు కేటాయించిన సొమ్ము. ఆ 200 లోపు ఎవడు ముంచినా నేను గొడవపడను, రాత్రి తల్చుకుని దొర్లను. ముందే ఇచ్చేసిన డబ్బు కదా.

మొదటి నెల 200 ఏ మూలకని భయపడ్డాను. తీరా అయింది 45. బత్తాయిల్లో కుళ్లినవి 30, చిల్లర లేదన్న ఆటోకు 15. రెండో నెల 20. మూడో నెల పూలమ్మి ఓ మూర మల్లెలు ఎక్కువే వేసిపోయింది. దాన్ని ఎక్కడ రాయాలో తెలియలేదు. ఆ వరుసకు జమ గడి గీసుకోలేదు మరి. "మోసపోగా మిగిలిన డబ్బు ఏం చేస్తారు?" అంది మా ఆవిడ. సినిమాకు వెళ్లాం. ఆ రోజు తమర్ని ఒక్కసారే లాగాను, తమరు గమనించే ఉంటారు.

చివరగా ఒక సంగతి ఒప్పుకోవాలి. తమరికి తెలియకుండా తమరి రెండో తాళంచెవిని పక్క ఫ్లాటు మామ్మగారి దగ్గర పెట్టాను. అడిగితే, "భద్రంగా ఉందిలే నాయనా, బీరువాలో పెట్టి తాళం వేశా" అన్నారు. ఆ బీరువా తాళంచెవి వంటింట్లో ఎక్కడ దాస్తారో కూడా చూపించారు, అవసరమైతే నన్నే తీసుకోమని.

అది మాత్రం తమరికి చెప్పను.

ఇట్లు,
తమరి గుమ్మం లోపలివాడు